బావుల బాటలో ఒక శుక్రవారం

హఫర్ అల్ బాతిన్: మా ఊరి పేరులోనే తవ్వకం ఉంది. అరబ్బీలో ‘హఫర్’ అంటే తవ్విన చోటు. ‘బాతిన్’ ఈ పట్టణం ఉన్న ఎండు వాగు పేరు. 7వ శతాబ్దంలో బస్రా నుంచి మక్కా వెళ్లే యాత్రికుల కోసం అబూ మూసా అల్ అష్అరీ ఇక్కడ బావులు తవ్వించారని చరిత్ర. ఆ బావుల చుట్టూనే ఊరు పెరిగింది. ఇక్కడ పదకొండేళ్లుగా ఉంటున్నా ఈ సంగతి నేను పట్టించుకోలేదు. గొర్రెల మందలకు నీళ్ల ట్యాంకర్ నడిపే రాయచోటి తమ్ముడు ఒకరోజు అడిగాడు: “అన్నా, బోర్లు, మోటార్లు లేని కాలంలో ఈ ఎడారిలో మనుషులు ఎట్ల నడిచినారో?”

ఆ జవాబు చూడ్డానికే జనవరిలో ఒక శుక్రవారం తెల్లవారుజామున ఇద్దరం నా పికప్‌లో రఫ్హా బయలుదేరాం. దాదాపు 280 కిలోమీటర్లు. ఈ రహదారిని అందరూ ట్యాప్‌లైన్ రోడ్డు అంటారు. ఇక్కడికి దగ్గర్లోని కైసూమా నుంచి లెబనాన్‌లోని సైదా రేవు దాకా 1,214 కిలోమీటర్ల చమురు పైపులైన్‌ను 1947లో మొదలుపెట్టి 1950లో పూర్తి చేశారు. పైపులైన్ కంపెనీ పంపింగ్ స్టేషన్ల దగ్గర నీటి బావులూ తవ్వించింది. ఒంటెలు, గొర్రెలతో తిరిగే బెదూయిన్లు ఆ నీళ్ల కోసం వచ్చి అక్కడే నిలిచిపోయారు. రఫ్హా, అరార్, తురైఫ్ అలా ఎదిగిన పట్టణాలే. చమురు ఎప్పుడో ఆగిపోయింది. ఊళ్లు మిగిలాయి.

రఫ్హాకు దక్షిణాన జుబాలా ఉంది. ఇది మా హఫర్ మీదుగా పోయే బస్రా దారి కాదు. దానికి పడమరగా కూఫా నుంచి మక్కాకు 1,400 కిలోమీటర్లకు పైగా సాగే ‘దర్బ్ జుబైదా’. ఖలీఫా హారూన్ అల్ రషీద్ భార్య జుబైదా ఈ బాటలో బావులు, నీటి తొట్లు కట్టించడంతో ఆమె పేరే నిలిచింది. సమర్‌కంద్, బుఖారా లాంటి మధ్య ఆసియా నగరాల యాత్రికులు కూడా బాగ్దాద్ చేరి ఈ దారే పట్టేవారు. 1258లో మంగోలులు బాగ్దాద్‌ను కూల్చాక బాట కళ తప్పింది. అయినా 1326లో మక్కా నుంచి ఇరాక్ వెళ్తూ ఇబ్న్ బతూతా ఈ తొట్ల నీళ్లే తాగాడు.

జుబాలాలో పాత కోట శిథిలాలు, రాతిని తొలిచిన బావులు ఉన్నాయి. తమ్ముడు ఒక బావి అంచున కూర్చుని లోపలికి చూశాడు.

“ఎన్ని మట్లు ఉంటాదో అన్నా! రాయిని ఎంత సక్కగా తొలిచినారో సూడు.”

కాసేపు ఆగి తనే అన్నాడు: “మా చేన్లో నాలుగు బోర్లు ఏసినాం. ఒక్కదాంట్లో కూడా నీళ్లు పడలే. ఆ అప్పు తీర్సేదానికే ఈడికొచ్చినా.”

అప్పుల వల్ల వచ్చాడని తెలుసు. ఆ అప్పు నీళ్ల కోసం చేసిందని నాకు అప్పటిదాకా తెలియదు. సొంత చేలో నీళ్లు పడని మనిషి, పరాయి ఎడారిలో రోజూ నీళ్లు మోస్తున్నాడు. ఏం చెప్పాలో తోచక ఖుబూస్, టమాటా పచ్చడి విప్పాను. ఇద్దరం ఆ గోడ నీడలోనే తిన్నాం.

తిరుగు దారిలో రోడ్డుకు దూరంగా ఒక గుడారం, గొర్రెల మంద కనిపించాయి. తమ్ముడు బండి ఆపమన్నాడు. కాపరి మన భాషవాడు కాదు, సూడాన్ మనిషి. మా దగ్గర మిగిలిన రెండు క్యాన్ల నీళ్లు తమ్ముడు అతనికి ఇచ్చేశాడు. “మనకేమన్నా, ఇంకో రెండు గంటల్లో ఇల్లు చేరతాం” అన్నాడు.

ఈ చలికాలంలో మీరూ వెళ్లిరండి. అకామా, నిండా పెట్రోలు, సరిపడా నీళ్లు ఉంచుకోండి. ఎటు వెళ్తున్నదీ ఒకరికి చెప్పండి. తారు రోడ్డు వదిలి ఒంటరి బండిలో ఇసుకలోకి దిగొద్దు. పాత రాళ్లను కదిలించొద్దు. ఇరాక్ సరిహద్దు వైపు పోవద్దు. రెండు క్యాన్ల నీళ్లు మాత్రం ఎక్కువే పెట్టుకోండి. దారిలో ఎవరికో ఒకరికి అవసరం పడతాయి.