ఆటగాడి విలువ వేరు, కాంట్రాక్టు విలువ వేరు

అమెరికాలో నార్త్ కరోలినాలోని క్యారీ ఊరు అనగానే మనవాళ్లకు వేంకటేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. బేస్‌బాల్ వాళ్లకు థామస్ బ్రూక్స్ పార్కు గుర్తొస్తుంది. అమెరికా జాతీయ జట్ల శిక్షణ కేంద్రం 2007 నుంచి అక్కడే ఉంది. పక్క ఊరు రాలీలోని ఆథెన్స్ డ్రైవ్ హైస్కూల్లో ఆడిన జాష్ హ్యామిల్టన్, జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో, 1999లో దేశం మొత్తం మీద మొట్టమొదట ఎంపికైన కుర్రాడు. పెద్ద కాంట్రాక్టు జట్టుకు గుదిబండగా ఎలా మారుతుందో తెలియాలంటే అతని కథే చూడాలి.

వ్యసనం అతని తొలి ఏళ్లను మింగేసింది. 2007లో గాని అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్‌లో అడుగుపెట్టలేదు. 2010లో టెక్సస్ రేంజర్స్ తరఫున అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2012లో 43 హోమ్ రన్లు కొట్టాడు. ఆ డిసెంబరులో ఏంజెల్స్ జట్టు ఐదేళ్లకు 12.5 కోట్ల డాలర్లు రాసిచ్చింది. అప్పటికతనికి 31 ఏళ్లు. మరుసటి ఏడు కొట్టినవి 21, ఆ పై ఏడు గాయాల మధ్య 10. 2015లో పాత వ్యసనం తిరగబెట్టింది. యాజమాన్యానికీ అతనికీ చెడింది. ఏప్రిల్లో మళ్లీ రేంజర్స్‌కే పంపేశారు. ఇంకా ఇవ్వాల్సిన సుమారు 8 కోట్ల డాలర్లలో సింహభాగం ఏంజెల్సే భరించింది. రేంజర్స్ వంతు కోటి లోపే.

పంపేసిన ఆటగాడి జీతం పాత జట్టే భరించడం ఐపీఎల్ చూసే మనకు వింతగా తోస్తుంది. 2022 వేలంలో 10.75 కోట్ల రూపాయలకు కొన్న నికొలస్ పూరన్‌ను సన్‌రైజర్స్ హైదరాబాద్ ఒక్క సీజన్‌తో వదిలేసింది. దాంతో బాధ్యత తీరింది, తర్వాతి వేలానికి అంత సొమ్ము చేతికొచ్చింది. (అదే పూరన్‌ను లక్నో 16 కోట్లకు కొనుక్కుంది.) మేజర్ లీగ్‌లో అలా చేతులు దులుపుకోవడం కుదరదు. ఆటగాణ్ని తీసేసినా కాంట్రాక్టులో రాసిన జీతం మామూలుగా చివరి డాలరు దాకా ఇవ్వాల్సిందే.

అందుకే జట్లు ఆటగాళ్లను మార్చుకునే బేరానికి, అంటే ట్రేడ్‌కు, కూర్చున్నప్పుడు ఆటగాడు ఎంత బాగా ఆడతాడన్నది ఒక్కటే చూడరు. ముందు ముందు అతని ఆట ఎంత చేస్తుంది, దానికి ఎంత ఇవ్వాలి, ఈ రెంటి మధ్య తేడా చూస్తారు. ఏడాదికి కోటి డాలర్ల ఆట ఆడేవాడికి రెండున్నర కోట్ల జీతం ఉండి, ఇంకా మూడేళ్లు మిగిలిందనుకోండి. తేడా నాలుగున్నర కోట్లు. మంచి ఆటగాడే, కానీ అతని ట్రేడ్ విలువ సున్నా కంటే తక్కువ. వదిలించుకోవాలంటే ఆ తేడాను ఏదో ఒక రూపంలో పూడ్చాలి: నగదు ఇవ్వాలి, అవతలివాళ్ల భారమైన కాంట్రాక్టును తీసుకోవాలి, లేదా అందరూ కోరుకునే ఆటగాణ్ని జతచేయాలి. 2015లోనే అట్లాంటా బ్రేవ్స్ ఈ మూడో దారి పట్టింది. మెల్విన్ అప్టన్ జూనియర్ భారీ కాంట్రాక్టును శాన్ డియేగో ప్యాడ్రెస్ నెత్తిన పెట్టడానికి, ఆ కాలపు మేటి రిలీఫ్ పిచర్లలో ఒకడైన క్రెగ్ కింబ్రెల్‌ను కూడా కలిపి పంపింది. ప్యాడ్రెస్‌కు కావలసింది కింబ్రెలే. అతని కోసం అప్టన్‌ను భరించారు.

ఇంత తెలిసీ జట్లు పెద్ద కాంట్రాక్టులు ఎందుకు రాస్తాయి? మూలం లీగ్ నియమాల్లోనే ఉంది. మేజర్ లీగ్‌లో దాదాపు మొదటి మూడేళ్లు కుర్రాళ్లు కనీస వేతనానికి అటూ ఇటూగా ఆడతారు. తర్వాత మూడేళ్లు మధ్యవర్తి తీర్పు నీడలో జీతం కొంత పెరుగుతుంది. ఆరేళ్ల సర్వీసు నిండాకే బహిరంగ మార్కెట్లోకి వస్తారు. చాలామందికి అప్పటికి ముప్పై దగ్గరపడుతుంది, ఇక ఆట మెల్లగా తగ్గే వయసు. ఆలస్యంగా వచ్చిన హ్యామిల్టన్‌కు ముప్పై దాటనే దాటింది. చేసిన పరుగులకు జీతం, చేయబోయే పరుగుల పేరుతో అందుతుంది. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది, ఇరువైపులా.

కాబట్టి ఆటగాణ్ని దండగ అనడం సబబు కాదు. గతం చూసి భవిష్యత్తుకు ధర కట్టింది ఏంజెల్స్ యాజమాన్యం. 2015 తర్వాత హ్యామిల్టన్ మేజర్ లీగ్‌లో ఒక్క ఆటా ఆడలేదు. కాంట్రాక్టు మాత్రం 2017 దాకా నడిచింది.