మీకు తెలుసా? అంగుళం ఎత్తుతో మారే పడవ పరుగు

పడవ వెనుక బిగించే ఔట్‌బోర్డ్ మోటారును ఒక్క అంగుళం పైకి జరిపితే, అదే ఇంజనుతో పడవ మరింత చురుగ్గా పరుగెత్తవచ్చు! మోటారు కింది భాగం ఎంత లోతుగా మునిగితే నీరు దాన్ని అంతగా వెనక్కి పట్టి ఉంచుతుంది. అందుకే ప్రొపెల్లరుకు సరిగ్గా పైన ఉండే వెడల్పాటి పలకను ముందు పడవ అడుగుకు దాదాపు సమంగా పెట్టి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా లేపి చూస్తారు.

మరీ లేపితే ముప్పే. మలుపు తిరిగేటప్పుడు ప్రొపెల్లరు పైనుంచి గాలిని లాక్కుంటుంది. ఇంజను ఒక్కసారిగా హోరెత్తుతుంది, పడవ మాత్రం పట్టు కోల్పోతుంది. అంతకన్నా ప్రమాదం, చల్లబరిచే నీటిని తీసుకునే రంధ్రాలు నీటి పైకి తేలడం. అప్పుడు ఇంజను వేడెక్కి పాడవుతుంది. నీటి పీడనం చూపే మీటరు లేకుండా ఈ ప్రయోగానికి దిగకూడదు.

ఇక ప్రొపెల్లరు. దాని మీద 13, 19 అని ఉంటే మొదటిది వ్యాసం, రెండోది పిచ్. అంటే, నీటిలో జారకుండా ఒక్క చుట్టుకు ముందుకు సాగాల్సిన దూరం. రెండూ అంగుళాల్లోనే. పిచ్‌ను అంగుళం తగ్గిస్తే పూర్తి థ్రాటిల్‌లో ఇంజను నిమిషానికి సుమారు 150 నుంచి 200 చుట్లు ఎక్కువ తిరుగుతుంది. పిచ్ పెరిగితే వేగమూ పెరుగుతుందనుకోవడం పొరపాటు. ఇంజను లాగలేనప్పుడు వేగం తగ్గుతుంది, ఇంజనుకూ చేటు.

పూర్తి థ్రాటిల్‌లో చుట్ల సంఖ్య తయారీదారు చెప్పిన పరిధిలోనే ఉండాలి. మనుషులు, ఇంధనం, సామాను, రోజూ మోసే బరువంతా ఎక్కించాకే కొలవండి.