బ్రౌజరు ఎవరి పక్షం?

ఈఏపీసెట్ దరఖాస్తుల కాలం వచ్చిందంటే కర్నూలులోనైనా కడపలోనైనా నెట్ సెంటర్లలో కుర్చీ ఖాళీ దొరకదు. పిల్లోడు వెనక నిలబడి చెబుతుంటాడు, సెంటర్‌లో ఉన్నాయన టైపు చేస్తుంటాడు. హాల్ టికెట్ నంబరు, ఆధార్, కులం, తండ్రి ఆదాయం, ఫీజు కట్టడానికి తల్లి ఏటీఎం కార్డు, అన్నీ అయిపోతాయి. "అన్నా, పాస్‌వర్డ్ కూడా నువ్వే ఏదోకటి పెట్టు" అని ఆఖరిది కూడా అప్పగించేస్తాడు. పక్క సిస్టమ్ ముందు మీభూమిలో అడంగల్, 1-బి తీయించుకునే రైతు. ఇంతమంది బతుకు వివరాలు ఒకే పనిముట్టు గుండా పోతున్నాయి. ఆ పనిముట్టు బ్రౌజరు. దానికి మనం పైసా కట్టం, కాబట్టి అది ఎవరిదో, ఏం గుర్తుపెట్టుకుంటుందో అడగాలని కూడా తోచదు. దాని ముప్పై అయిదేళ్ల జీవితకథ చదివితే మాత్రం ఆ ఉచితం ఎవరికెలా గిట్టుబాటయిందో అర్థమవుతుంది.

మతిమరుపుతో పుట్టింది

మొదటి బ్రౌజరును 1990 చివర్లో టిమ్ బెర్నర్స్-లీ రాశాడు. జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనశాలలో శాస్త్రవేత్తలు తమ కాగితాలను పంచుకోవడానికి పుట్టిందది. 1993లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా 'మొజాయిక్' తయారుచేశారు. అక్షరాల మధ్యే బొమ్మలూ కనిపించడంతో మామూలు జనానికి వెబ్ మీద ఆసక్తి పుట్టింది. మరుసటేడు ఆండ్రీసెన్ బయటికొచ్చి 'నెట్‌స్కేప్' కంపెనీ పెట్టాడు.

అప్పటి వెబ్‌కు జ్ఞాపకశక్తి లేదు. బ్రౌజరు ఒక పేజీ అడుగుతుంది, అవతలి సర్వరు ఇస్తుంది, అంతటితో సంబంధం తెగిపోతుంది. మరుక్షణం అదే మనిషి ఇంకో పేజీ అడిగినా సర్వరుకు అతను కొత్తవాడే. గోప్యతకు ఇంతకన్నా మంచి కాపలా లేదు. కానీ వ్యాపారానికి ఇది కుదరదు. బుట్టలో వేసిన వస్తువు పక్క పేజీకి పోగానే మాయమైతే ఆన్‌లైన్ అంగడి ఎలా నడుస్తుంది?

ఈ చిక్కు విప్పినవాడు నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మాంటుల్లి. 1994లో అతను కుకీని కనిపెట్టాడు. సైటు ఒక చిన్న గుర్తును బ్రౌజరుకు ఇస్తుంది. మళ్లీ ఆ సైటుకు వెళ్లినప్పుడల్లా బ్రౌజరు దాన్ని తిరిగి చూపిస్తుంది. ప్రతి బ్రౌజరుకూ ఒక శాశ్వత నంబరు ఇచ్చేస్తే పని తేలికయ్యేది, కానీ అన్ని సైట్లూ కలిసి మనిషిని వెంబడించగలుగుతాయని అతను అది వద్దనుకున్నాడు. ఏ సైటు ఇచ్చిన కుకీని ఆ సైటుకే చూపించాలన్నది అతని నియమం.

నియమంలో ఒక కంత ఉండిపోయింది. ఒక పేజీలోని బొమ్మలన్నీ ఆ సైటువే కానక్కర్లేదు. ప్రకటన బొమ్మ వేరే కంపెనీ సర్వరు నుంచి వస్తుంది, వస్తూ వస్తూ తన కుకీ కూడా పెట్టిపోతుంది. ప్రొద్దుటూరులో ఒకామె పొద్దున వార్తల సైటు, మధ్యాహ్నం బంగారు తాకట్టు రుణాల సైటు, రాత్రి థైరాయిడ్ మందుల సైటు చూసిందనుకోండి. మూడింటికీ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. మూడు పేజీల్లోనూ ప్రకటన వేసిన కంపెనీ ఒకటే అయితే ఆ కంపెనీకి మాత్రం ఆమె రోజంతా తెలిసిపోతుంది. దీన్నే థర్డ్ పార్టీ కుకీ అంటారు.

ఈ సంగతి ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లకు తొందరగానే తెలిసింది. ఇలాంటి కుకీలను బ్రౌజరు తనంతట తాను ఒప్పుకోకూడదని 1997 ఫిబ్రవరిలోనే వాళ్లు లిఖితపూర్వకంగా చెప్పారు. నెట్‌స్కేప్ వినలేదు, మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కూడా వినలేదు. ప్రకటనల వ్యాపారం అప్పటికే కాళ్లూనుకుంది. వాడుకరికీ ప్రకటనదారుకూ పేచీ వచ్చినప్పుడు బ్రౌజరు ఎటు నిలబడుతుందో ఆనాడే తేలింది.

తెలుగు కోసం మారిన బ్రౌజరు

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా వచ్చింది. విండోస్‌తో పాటే ఉచితంగా వచ్చిన ఎక్స్‌ప్లోరర్ కొన్నేళ్లలో నెట్‌స్కేప్‌ను మింగేసింది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో ప్రపంచంలో పదిమందిలో తొమ్మిదిమంది చేతిలో అదే ఉండేది. ఓడిపోతున్న నెట్‌స్కేప్ 1998లో తన ప్రోగ్రామును అందరికీ తెరిచి ఇచ్చింది. ఆ బూడిదలోంచి లేచిందే ఫైర్‌ఫాక్స్. 2004 నవంబరు 9న దాని మొదటి సంచిక విడుదలైంది.

తెలుగువాళ్లలో చాలామంది ఫైర్‌ఫాక్స్ వైపు తిరగడానికి కారణం గోప్యత కాదు, దినపత్రిక. అప్పట్లో ఒక్కో తెలుగు పత్రిక సైటుకు ఒక్కో సొంత ఫాంటు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో వార్తంతా పిచ్చిగీతలే. నాగార్జున వెన్న 'పద్మ' అనే పొడిగింపు (ఎక్స్‌టెన్షన్) తయారుచేశారు. దాన్ని ఫైర్‌ఫాక్స్‌కు తగిలిస్తే ఆ రాతను బ్రౌజరులోనే యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. ఫైర్‌ఫాక్స్ మెనూలు కూడా స్వచ్ఛంద కార్యకర్తల కష్టంతోనే తెలుగులోకి వచ్చాయి.

పద్మ లాంటివి ఇంకో పాఠం కూడా నేర్పుతాయి. పేజీలోని అక్షరాలను మార్చగలిగిన పొడిగింపు ఆ అక్షరాలను చదవగలదు కూడా. బ్యాంకు పేజీ తెరిచినా చదవగలదు. కూపన్లు వెతికిపెడతామని, వీడియోలు దించిపెడతామని చెప్పి వచ్చే ఎక్స్‌టెన్షన్లను తగిలించుకునే ముందు ఇది గుర్తుండాలి. మంచి బ్రౌజరును ఎంచుకుని దానికి ఊరూపేరూ లేని పొడిగింపులు పది తగిలిస్తే ఎంచుకున్న ఫలం దక్కదు.

2008 సెప్టెంబరు 2న గూగుల్ క్రోమ్ దిగింది. వేగంగా ఉండేది, ఒక ట్యాబ్ చచ్చినా మిగతావి బతికేవి, భద్రత గట్టిది. అదే ఏడాది మార్చిలో గూగుల్ 310 కోట్ల డాలర్లకు డబుల్‌క్లిక్ కొనుగోలును పూర్తిచేసింది. డబుల్‌క్లిక్ అంటే థర్డ్ పార్టీ కుకీలతో ప్రకటనలు నడపడంలో ఆరితేరిన కంపెనీ. ఆరు నెలల వ్యవధిలో ప్రకటనల యంత్రమూ బ్రౌజరూ ఒకే ఇంటివయ్యాయి.

చేతిలోకి వచ్చాక

సీమ పల్లెల్లో ఎక్కువమందికి తొలి బ్రౌజరు ఫోన్‌లోదే. 2జీ సిగ్నల్ మీద పేజీ తెరుచుకోవాలంటే యూసీ బ్రౌజరో ఒపేరా మినీనో ఉండాలి. అవి పేజీని ముందు తమ సర్వరుకు రప్పించుకుని, కుదించి, ఫోన్‌కు పంపేవి. డేటా ఆదా అయ్యేది, కానీ మనం చూసేదంతా మధ్యవర్తి చేతులమీదుగా వచ్చేది. అలీబాబా వారి యూసీ మన దేశంలో ఒక దశలో క్రోమ్‌ను కూడా మించిపోయింది. 2015లో కెనడాలోని సిటిజన్ ల్యాబ్ దాన్ని పరీక్షించి, వెతికిన మాటలూ ఫోన్ గుర్తింపు వివరాలూ సరైన రక్షణ లేకుండా బయటికి పోతున్నాయని తేల్చింది. 2017లో ఫిర్యాదులు వస్తే హైదరాబాద్‌లోని ప్రభుత్వ సంస్థ సి-డాక్‌కు పరిశీలన అప్పగించారు. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో యూసీ ఒకటి.

ఈలోపు చవక డేటా వచ్చింది, ఆండ్రాయిడ్ ఫోన్లు వచ్చాయి, వాటిలో క్రోమ్ ముందే ఎక్కి కూర్చుని ఉంది. ముందే ఉన్నదాన్ని మార్చేవాళ్లు తక్కువ. కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది అందుకే. తన యాప్‌లను ఫోన్లలో ముందే ఎక్కించడాన్ని అందులో తప్పుబట్టింది.

కమీషన్ ఎక్కడినుంచి?

ఆదోని పత్తి మార్కెట్లో దలారి రైతు పక్కనే నిలబడి బేరం చేస్తాడు. తెలివైన రైతు అతని మాట తీపిని చూడడు, కమీషన్ ఎవరి చేతినుంచి పుచ్చుకుంటున్నాడో చూస్తాడు. బ్రౌజర్లనూ అలాగే చూడాలి.

క్రోమ్ యజమానికి ప్రధాన ఆదాయం ప్రకటనలది. థర్డ్ పార్టీ కుకీలను తీసేస్తామని గూగుల్ 2020లో ప్రకటించి, పలుమార్లు వాయిదా వేసి, 2024 జులైలో ఆ ఆలోచననే విరమించుకుంది. యాపిల్ ప్రకటనల మీద బతకదు. సఫారీలో 2020 మార్చి నాటికి ఈ కుకీలను పూర్తిగా ఆపేసింది. అయినా సఫారీలో సెర్చ్‌గా గూగుల్‌నే ఉంచినందుకు ఒక్క 2022లోనే యాపిల్‌కు 2,000 కోట్ల డాలర్లు ముట్టాయని అమెరికా కోర్టులో బయటపడింది. ఫైర్‌ఫాక్స్‌ను నడిపే మొజిల్లా లాభాపేక్ష లేని సంస్థ చేతిలో ఉంది. 2019 నుంచి మనల్ని వెంబడించే ట్రాకర్లను దానంతటదే అడ్డుకుంటోంది, 2022 నుంచి ఒక్కో సైటు కుకీలను ఒక్కో గూటిలో విడిగా బంధిస్తోంది. దాని రాబడిలో సింహభాగం కూడా గూగుల్ సెర్చ్ ఒప్పందానిదే. బ్రేవ్ ట్రాకర్లను గట్టిగా ఆపుతుంది. కానీ 2020లో కొన్ని క్రిప్టో సైట్ల చిరునామాలకు తన కమీషన్ కోడ్ తగిలిస్తూ దొరికిపోయి క్షమాపణ చెప్పుకుంది. చెన్నైకి చెందిన జోహో 2023లో 'ఉలా' తెచ్చింది. కేంద్రం నిర్వహించిన స్వదేశీ బ్రౌజరు పోటీలో 2025లో మొదటి బహుమతిగా కోటి రూపాయలు గెలిచింది జోహోనే. అయితే బ్రేవ్, ఉలా రెండింటి లోపలి ఇంజనూ గూగుల్ ముందుండి నడిపే క్రోమియమే. పూర్తి నిష్కళంకం ఏదీ లేదు. ఎవరి మచ్చ ఎక్కడుందో తెలిసి ఎంచుకోవడమే మన చేతిలో ఉన్నది.

కుకీ లేకున్నా గుర్తుపడతారు

కుకీలన్నీ తుడిచేసినా పని పూర్తికాదు. స్క్రీన్ కొలత, ఫాంట్ల జాబితా, టైమ్ జోన్, భాష, బ్రౌజరు సంచిక లాంటివి పేజీ అడిగితే బ్రౌజరు చెప్పేస్తుంది. విడివిడిగా అవి ఎవరివైనా కావచ్చు, కలిపితే వేలిముద్రంత ప్రత్యేకం. అమెరికాలోని ఈఎఫ్‌ఎఫ్ సంస్థ 2010లో 4,70,161 బ్రౌజర్లను పరీక్షిస్తే 83.6 శాతం మరి దేనితోనూ కలవలేదు.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక విచిత్రమైన ఇబ్బంది. నెట్‌లో ఎక్కువమంది బ్రౌజర్లు తమ భాష ఇంగ్లీషని చెబుతాయి. అభిమానం కొద్దీ మనం భాషను తెలుగుకు మార్చి, నాలుగు తెలుగు ఫాంట్లు ఎక్కించుకుంటే గుంపులో మరింత తేలిగ్గా కనబడతాం. గోప్యతే ప్రాణంగా తయారైన టార్ బ్రౌజరు ఇంగ్లీషు కాని భాషలో వాడేవాళ్లను "పేజీలను ఇంగ్లీషులోనే అడగమంటారా?" అని అడిగేది ఇందుకే. తెలుగులో చదవడం మానక్కర్లేదు. తెలుగులో వాడేవాళ్లు పెరిగేకొద్దీ ఆ గుర్తు పలచబడుతుంది.

ఇన్‌కాగ్నిటో విండో గురించి కూడా భ్రమ వద్దు. ఆ విండో మూసేస్తే ఈ కంప్యూటరులో చరిత్ర మిగలదు, అంతవరకే. సైటుకూ నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లకూ మీరు కనబడుతూనే ఉంటారు. ఇది సరిగా చెప్పలేదని గూగుల్ మీద 2020లో అమెరికాలో దావా పడింది. 2024లో రాజీపడి, అలా సేకరించిన వందల కోట్ల రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది. నలుగురు వాడే కంప్యూటరు మీద మాత్రం ఆ విండో చాలా విలువైంది. అక్కడి ప్రమాదం దూరదేశపు కంపెనీ కన్నా మన తర్వాత ఆ కుర్చీలో కూర్చునే మనిషే. అలాంటిచోట "పాస్‌వర్డ్ దాచమంటారా?" అని బ్రౌజరు అడిగితే వద్దనాలి. దిగిన హాల్ టికెట్, ఆధార్ పీడీఎఫ్‌లను డౌన్‌లోడ్స్‌లోంచి మనమే తీసేయాలి, ఇన్‌కాగ్నిటో వాటిని తుడవదు.

వెంబడించడమే తప్పన్న తీర్పు

"మనదగ్గర దాచుకోవడానికి ఏముంది?" అనేవాళ్లకు జవాబు ఇంటర్నెట్ కన్నా పాతది. కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్న 1954లో గుంటూరులో ఏర్పడిన హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి, రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. 1962లో ఆయన సుప్రీంకోర్టులో ఉండగా ఖరక్ సింగ్ కేసు వచ్చింది. నేరం రుజువు కాని మనిషి మీద పోలీసులు నిఘా పెట్టారు. రాత్రిళ్లు ఇంటికొచ్చి తలుపు తట్టడం తప్పని ఆరుగురు జడ్జిలూ అన్నారు. కదలికలను గమనించడం తప్పుకాదని ఎక్కువమంది అభిప్రాయపడ్డారు. సుబ్బారావు ఒప్పుకోలేదు. అడ్డగించకపోయినా, ఎవరో వెంట ఉన్నారని తెలిసిన మనిషి స్వేచ్ఛగా తిరగలేడన్నది ఆయన వాదన. జస్టిస్ షా ఆయనతో ఏకీభవించారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జిలు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చి, పాత మెజారిటీ మాటను కొట్టేశారు. వాళ్లలో కృష్ణా జిల్లాకు చెందిన చలమేశ్వర్, తర్వాత మన రాష్ట్ర గవర్నరయిన అబ్దుల్ నజీర్ ఉన్నారు. 2023లో డేటా రక్షణ చట్టమూ వచ్చింది. కానీ చట్టం నష్టం జరిగాక అడుగుతుంది. కుకీని గుమ్మంలోనే ఆపగలిగేది బ్రౌజరొక్కటే.

ఇక ఎంపిక. సొంత ఫోన్‌లో రోజువారీ పనికి ఫైర్‌ఫాక్స్ నా ఓటు. ట్రాకర్ల కాపలా ముందే పెట్టి ఉంటుంది, ఇంజను గూగుల్‌ది కాదు, ఆండ్రాయిడ్‌లోనూ ప్రకటనలను ఆపే పొడిగింపు తగిలించుకోవచ్చు. ఐఫోన్ ఉన్నవాళ్లకు సఫారీ సరిపోతుంది. ఏదో ప్రభుత్వ సైటు క్రోమ్‌లోనే తెరుచుకుంటానని మొండికేస్తే ఆ పనికి మాత్రం క్రోమ్ వాడి, సెట్టింగ్స్‌లో థర్డ్ పార్టీ కుకీలను ఆపుకోవచ్చు. పేరు బయటపడితే ప్రాణానికో ఉద్యోగానికో ముప్పున్నవాళ్లకు టార్ ఉంది, నెమ్మదిని ఓర్చుకోవాలి.

ఒక్కరం మారితే ఏమవుతుందనిపించవచ్చు. పదికి తొమ్మిది చేతుల్లో ఉన్న ఎక్స్‌ప్లోరర్‌ను 2022లో మైక్రోసాఫ్టే ఆపేసింది. దాన్ని ఆ స్థితికి తెచ్చింది ఎక్కువగా, ఒక్కొక్కరే వేరే బ్రౌజరు దించుకున్న జనం. 1997లో ఎవరూ పట్టించుకోని ఆ కుకీ సలహా ఇవాళ ఫైర్‌ఫాక్స్, సఫారీలలో మనం అడక్కుండానే అమలవుతోందంటే, గోప్యత కోసం బ్రౌజరు మార్చేవాళ్లున్నారని తయారీదారులకు తెలిసింది కాబట్టే. మిగతావాళ్లకూ తెలియాలంటే ఆ లెక్కలో మనమూ కనబడాలి. బుక్‌మార్కులూ పాస్‌వర్డ్‌లూ కొత్తదానిలోకి తెచ్చుకోవడానికి పట్టేది కొన్ని నిమిషాలే.