గోరంత చిప్పు, గది నిండా గొంతు
2007లో మహారాష్ట్రలోని ఖైరాత్ గ్రామ పాఠశాలకు చేరిన ఎక్స్ఓ ల్యాప్‌టాప్‌లు చవకవే కాదు, పిసినారివి కూడా. కరెంటుకు నమ్మకం లేని ఊళ్ల కోసం తయారైనవి కాబట్టి కొద్ది వాట్లతోనే నడవాలి. అందులో రెండు స్పీకర్లకు చెరో వాట్ అంటే దుబారానే. అలాగని గొంతు తగ్గిస్తే, ఇంకా అక్షరాలు రాని పిల్లకు కంప్యూటర్ మూగదైపోతుంది.

ల్యాప్‌టాప్ ఇంజనీర్లకు ఈ పేచీ కొత్తది కాదు. స్పీకర్‌ను కదిలించే బలం యాంప్లిఫయర్ చిప్పే ఇవ్వాలి. దానికి దొరికేదేమో తరచూ 5 వోల్టులే. 8 ఓమ్‌ల స్పీకర్‌ను ఒక కొసనుంచే నడిపితే దక్కేది 0.4 వాట్ లోపు. రెండు కొసలనూ ఎదురెదురుగా నడిపే బ్రిడ్జి పద్ధతిలో అవే 5 వోల్టులతో దాదాపు 1.5 వాట్లు. లావుపాటి కెపాసిటర్ బెడదా తప్పుతుంది.

ఇక మిగిలింది వేడి. పాత క్లాస్ ఏబీ చిప్పులు మామూలు శబ్దం దగ్గర సగానికి పైగా కరెంటును వేడి రూపంలో తగలేస్తాయి. సెకనుకు లక్షలసార్లు స్విచ్‌లా ఆన్, ఆఫ్ అయ్యే క్లాస్ డి చిప్పు పూర్తి జోరులో 80 శాతానికి పైగా స్పీకర్‌కు చేరుస్తుంది. అయితే ఆ స్విచింగ్ వల్ల పొడవాటి స్పీకర్ తీగలు యాంటెన్నాల్లా మారి రేడియో రొద వెదజల్లుతాయి. అందుకే చిప్పును స్పీకర్‌కు దగ్గరగా అమరుస్తారు, తీగలకు ఫెరైట్ పూసలు తగిలిస్తారు.

ఇంతా చేసి చాలా కంపెనీలు స్పీకర్లను అడుగుభాగాన బిగిస్తాయి. పరుపు మీద పెడితే పాట దూదికే వినిపిస్తుంది. ఎక్స్ఓలో మాత్రం అవి తెరకు చెరో పక్కన, పిల్లల ముఖానికి ఎదురుగా ఉంటాయి.