హాయిస్టుకు తనిఖీ ముద్ర సరే, కొక్కెం మాటేమిటి?

విశాఖపట్నంలోని హిందూస్థాన్ షిప్‌యార్డులో 2020 ఆగస్టు 1వ తేదీన 70 టన్నుల క్రేన్ కుప్పకూలి 11 మంది దుర్మరణం పాలైన సంగతి విదితమే. ఆనాడు ఆ క్రేన్ రోజువారీ పనిలో లేదు. బరువు మోయగలదో లేదో తేల్చే పరీక్షలో ఉంది. ప్రమాదాన్ని ముందుగా పసిగట్టేందుకు ఉద్దేశించిన ప్రక్రియే ప్రమాదానికి వేదిక కావడం గమనార్హం.

ఇంతటి దుర్ఘటన జరిగితే దేశమంతా మాట్లాడుకుంటుంది. కర్మాగారాల్లో, గోదాముల్లో, మరమ్మతు షెడ్లలో పొద్దస్తమానం బరువులెత్తే చిన్న హాయిస్టుల ఊసు మాత్రం ఎవరికీ పట్టదు. దూలానికి వేలాడే చైను బ్లాకు అయినా, మీట నొక్కితే నడిచే ఎలక్ట్రిక్ హాయిస్టు అయినా ఆధారపడేది ప్రధానంగా మూడింటి మీదనే: గొలుసు లేదా ఇనుప తాడు, దాని చివరి కొక్కెం, భారాన్ని పట్టి నిలిపే బ్రేకు. వీటిలో ఏ ఒక్కటి విఫలమైనా కింద ఉన్న మనిషికి తప్పుకునే వ్యవధి చిక్కదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఈ యంత్రాలను రెండు తరగతులుగా విభజించింది. నిర్ణీత మార్గంలో పైకీ కిందికీ కదిలే పంజరం లేదా వేదిక ఉంటేనే అది చట్టం దృష్టిలో హాయిస్టు. 28వ సెక్షన్ ప్రకారం దానిని ఆరు నెలలకు ఒకసారైనా సమగ్రంగా పరీక్షించవలసి ఉండేది. క్రేన్లు, చైను బ్లాకులు, గొలుసులు, తాళ్లు 29వ సెక్షన్ కిందికి వచ్చేవి. వాటికి గడువు ఏడాది. కార్మికులు హాయిస్టు అని పిలుచుకునే యంత్రం చాలా సందర్భాల్లో చట్టం లెక్కలో హాయిస్టే కాదన్నమాట! పరీక్ష జరిపే "సమర్థ వ్యక్తి" ఎవరో నిర్వచించే నిబంధనను భోపాల్ విషవాయు దుర్ఘటన అనంతరం 1987లో చేసిన సవరణ ద్వారా చట్టంలో చేర్చారు.

అయితే ఏడాదికొకసారి పడే సంతకం ఆ రోజు యంత్రం ఎలా ఉన్నదో మాత్రమే చెబుతుంది. మర్నాడే తాడులో నాలుగు తీగలు తెగవచ్చు. అందువల్ల అసలు రక్షణ ప్రతి షిఫ్టు ఆరంభంలో యంత్రం నడిపే కార్మికుడు చేసే పరిశీలనలోనే ఉంది. కొక్కెం ఉన్నట్టుండి విరగడం అరుదు. అధిక భారానికి దాని నోరు కొద్దికొద్దిగా తెరుచుకుంటుంది. కొత్తలో తీసిన కొలతతో పోల్చి చూస్తే ఈ సంగతి బయటపడుతుంది. తాడును వట్టి చేత్తో తడిమితే తెగిన తీగ గుచ్చుకుంటుంది కనుక యంత్రాన్ని ఆపి, గుడ్డతో తుడిచి చూడాలి. తీగ తెగిన చోట గుడ్డ చిక్కుకుంటుంది. భారాన్ని నేల నుంచి కాస్త పైకెత్తి ఆపితే బ్రేకు సత్తువ తెలుస్తుంది. బరువు మెల్లగానైనా దిగజారుతుంటే ఆ యంత్రాన్ని ఆ పూట వాడరాదు. కొక్కెం మరీ పైకి పోయి డ్రమ్మును తాకకుండా ఆపే లిమిట్ స్విచ్చిని ఖాళీ కొక్కెంతో పరీక్షించాలి. దానినే రోజూ ఆపే మీటగా వాడే అలవాటు అనేకచోట్ల ఉంది. ఇది మానవలసిన అలవాటు.

ఈ పరిశీలనకు పట్టేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాలు ఇవ్వడానికే యాజమాన్యాలు వెనుకాడుతుంటాయి. లోపం చెప్పిన కార్మికునికి పని ఆపే అధికారం లేనప్పుడు రిజిస్టరులో "సరిగా ఉన్నది" అన్న మాటే మిగులుతుంది. పరీక్షించే నిపుణునికి రుసుము చెల్లించేది కూడా ఆ యాజమాన్యమే.

తనిఖీకి వెళ్లినవారికే ముప్పు వాటిల్లిన ఉదంతం రాజస్థాన్‌లో చోటుచేసుకుంది. 2024 మే 14న ఝున్‌ఝును జిల్లా కోలిహాన్ రాగి గనిలో విజిలెన్స్ బృందం పైకి వస్తుండగా తాడు తెగి లిఫ్టు పంజరం కూలింది. లోపల చిక్కుకున్న 15 మందిలో 14 మందిని ప్రాణాలతో వెలికితీయగలిగారు. ఒక అధికారి మరణించారు. గనుల్లో మనుషులను దించే యంత్రాలకు ఫ్యాక్టరీలకన్నా కఠినమైన నిబంధనలున్నాయన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. నిర్మాణ రంగంలోనూ పరిస్థితి ఆందోళనకరమే. 2023 సెప్టెంబరు 10న థానేలో 40 అంతస్తుల భవనం వద్ద లిఫ్టు కూలి ఏడుగురు కూలీలు మరణించారు.

కాగా 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చి పాత ఫ్యాక్టరీల చట్టం స్థానాన్ని ఆక్రమించింది. ఇన్‌స్పెక్టరు ఇప్పుడు "ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్" అయ్యారు. అంటే తప్పు పట్టడమే గాక సలహా చెప్పడం కూడా ఆయన విధి. విద్యుత్తు వాడే చోట పదిమంది కార్మికులుంటే ఫ్యాక్టరీగా పరిగణించే పాత నిర్వచనం స్థానంలో ఇరవైమంది ఉండాలన్న నిర్వచనం వచ్చింది. పదిమంది దాటిన సంస్థలకు స్మృతిలోని సాధారణ బాధ్యతలు వర్తిస్తాయన్నది నిజమే. కానీ దూలానికి ఒకే ఒక చైను బ్లాకు కట్టుకుని, ఇంజన్లు దించుతూ, అచ్చులు ఎత్తుతూ బతికే షెడ్లలో ఎనిమిది మందో తొమ్మిది మందో పనిచేస్తుంటారు. పాత చట్టం సాధారణంగా వారి దాకా రాలేదు. కొత్త స్మృతి కూడా ఆ గడప తొక్కలేదు.