తుంగభద్రా సీమలో గ్రామీణ బ్యాంకు సేవ – ఉద్యోగులను నడుపు తీరు

తెక్కలకోట బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని పట్టణము. 1963–64లో ఇచ్చటి కొండలపై జరిగిన త్రవ్వకములలో నవశిలాయుగపు జనావాసములు బయల్పడుటచే పురాతత్త్వజ్ఞులకు ఇది సుపరిచితము. నేడు తుంగభద్రా జలములతో వరి పండు సీమ. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు సిరుగుప్ప తాలూకా మైసూరు రాష్ట్రమున చేరినది. పొరుగుననున్న ఆదోని, ఆలూరు ఆంధ్రమున నిలిచినవి. అందుచే ఇంట తెలుగు, కచేరీలో కన్నడము వాడు కుటుంబములు ఈ ప్రాంతమున నేటికిని కలవు. ఇట్టిచోట ప్రజలకు సేవ చేయు ఉద్యోగులను నడుపుట యెట్లను ప్రశ్నకు గ్రామీణ బ్యాంకు చరిత్రలో కొంత సమాధానము దొరకుచున్నది.

1975లో మైదవోలు నరసింహం అధ్యక్షతన కేంద్రప్రభుత్వము నియమించిన బృందము, సహకార సంఘములకు గల గ్రామపరిచయమును వాణిజ్య బ్యాంకులకు గల వ్యవహారదక్షతను ఒక్కచోట చేర్చు క్రొత్త బ్యాంకులను నెలకొల్పవలెనని సూచించినది. ఆ యేడు అక్టోబరు 2న దేశమున తొలి ఐదు గ్రామీణ బ్యాంకులు ఆరంభమైనవి. 1976లో కెనరా బ్యాంకు ప్రాయోజకత్వమున, బళ్లారి కేంద్రముగా తుంగభద్రా గ్రామీణ బ్యాంకు వెలసినది.

ఆ యోజనలో ఒక చిక్కు కలదు. ఊరి నుడి, ఊరి కష్టము నెరిగిన ఉద్యోగియే ఈ బ్యాంకులకు మూలధన మనిరి; కాని వ్యయము తగ్గించుటకై వాని జీతమును రాష్ట్రప్రభుత్వోద్యోగుల స్థాయిలో నుంచిరి. వాణిజ్య బ్యాంకు గుమాస్తా చేయు పనినే తానును చేయుచు తక్కువ వేతనము పొందుట ఉద్యోగులకు కష్టము గలిగించినది. వివాదము జాతీయ పారిశ్రామిక ట్రిబ్యునలుకు చేరెను. ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థాన ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన ఓబుల్ రెడ్డిగారు 1990 ఏప్రిలులో తీర్పు నిచ్చుచు, 1987 సెప్టెంబరు 1 నుండి ప్రాయోజక బ్యాంకుల ఉద్యోగులతో సమానమైన వేతనములు వీరికి చెందవలెననిరి. న్యాయమైన వేతనము లేనిచో మెచ్చుకోలు వట్టిమాటయే యగును. అయినను వేతన మొక్కటియే మంచి సేవను పుట్టింపజాలదు. మిగిలిన భారము శాఖను నడుపువానిది.

మొదటిది మెచ్చుకోలు. నాట్ల కాలమున కౌంటరు ముందు రైతులు బారులు తీరుదురు. పహణీ కన్నడమున నుండును; వృద్ధుడైన రైతుకు తెలుగు తప్ప రాదు. ఒక గుమాస్తా ఆ కాగితమును చదివి, అర్థము చెప్పి, సంతకము చేయవలసిన చోటు చూపును. సాయంకాలము చలానాలు లెక్కించి చూచినచో అందరికంటె తక్కువ పని చేసినవాడుగా నతడే కానవచ్చును. సంఖ్యను మాత్రమే చూచు మేనేజరు అతనిని మందలించును. మరునాటి నుండి అతడును “రేపు రండు” అనుట నేర్చును. వివేకియగు మేనేజరు ఆ పనిని తోటివారి యెదుట పేరుపెట్టి మెచ్చుకొనును. “అందరును బాగుగా చేసితిరి” అను మాటకు విలువ తక్కువ. “నిన్న ఆ పెద్దాయనకు కాగితము చదివి చెప్పితివి, మేలు చేసితివి” అను మాట కలకాలము నిలుచును.

రెండవది విశ్వాసము. 2012 నుండి గ్రామీణ బ్యాంకుల నియామకములు దేశవ్యాప్తమగు ఉమ్మడి పరీక్షద్వారా జరుగుచున్నవి. క్రొత్తగా వచ్చినవాడు రాష్ట్రభాష నెరిగియున్నను ఈ పల్లెలను ఎరుగడు. అతడు తప్పు చేసినప్పుడు ఖాతాదారుని యెదుట గద్దించినచో తరువాతి తప్పును దాచును. డబ్బుతో నడచు స్థలమున దాచిన తప్పు, చేసిన తప్పుకంటె ప్రమాదకరము. కావున దిద్దుట చాటున జరుగవలెను. అతని అధికారములోని నిర్ణయమును అతనినే చేయనీయవలెను.

మూడవది నిరంతరాభ్యాసము. పెద్ద లెడ్జర్లు పోయి కంప్యూటర్లు వచ్చినవి; పిమ్మట వ్రేలిముద్రతో సొమ్ము చెల్లించు బ్యాంకు మిత్రలు వచ్చిరి. నాగలి పట్టి అరిగిన వ్రేళ్ల ముద్రను యంత్రము గుర్తింపకపోవుట కలదు. అప్పుడేమి చేయవలెనో ముందే నేర్చియుండనిచో కూలికి తన సొమ్మే తనకు అందదు. ఫోనులో రహస్యసంఖ్య నడిగి ఖాతా దోచువారి మోసములు దినదినము క్రొత్త రూపు దాల్చుచున్నవి. వారమునకు అరగంటయైనను అందరును కూడి, ఆ వారము తమకు తెలియక చిక్కుపడిన సంగతిని చెప్పుకొనుట మేలు. అందు బోధకుడు మేనేజరే కానక్కరలేదు. పల్లెల పేర్లు, బంధుత్వములు, మాటతీరు తెలిసిన అటెండరు ఆ విషయమున గురుస్థానీయుడు.

తుంగభద్రా గ్రామీణ బ్యాంకు 2005లో మరి మూడు బ్యాంకులతో కలిసి ప్రగతి గ్రామీణ బ్యాంకైనది. 2013లో ప్రగతి కృష్ణా. 2019, 2025 సంవత్సరముల విలీనములతో నేటి కర్ణాటక గ్రామీణ బ్యాంకు. ఇన్నిమారులు బోర్డు మారినను రైతు ఎరుగునది కౌంటరు వెనుకనున్న ముఖమునే. ఒక్కమారు చిన్నబుచ్చుకొని మరలిన రైతు దలాలి అంగడికే పోవును. అచ్చట వడ్డీ యెక్కువయైనను మాట మెత్తన. కాబట్టి ఉద్యోగిని గౌరవించుట శాఖాధిపతి యొక్క ఔదార్యమని తలపరాదు. ఆ గౌరవమే కౌంటరు దాటి రైతునకు చేరవలసియున్నది.