కవితాస్తంభనము – ఉదయగిరి జంటకవులు

కవిత సాగక నిలిచిపోవుట యే కాలపు కవికైనను క్రొత్త కాదు. చిత్తైకాగ్ర్యము కుదురుటకు నిర్జనప్రదేశమును, రాత్రి నాలుగవ జామును తగినవని వామనుఁడు కావ్యాలంకారసూత్రములందు చెప్పియున్నాఁడు. ఏకాంతమే మందని ఆయన మతము. నెల్లూరిసీమ వాఙ్మయము చూపు త్రోవ వేఱు. ఇచ్చట కవితకు ఊతమైనది రెండవ మనుష్యుని తోడు.

ఆత్మకూరికి వాయవ్యమున కొండదుర్గమై నిలిచిన ఉదయగిరిని 15వ శతాబ్దపు ఉత్తరార్ధమున బసవభూపాలుఁడు పాలించెను. ఆయన మంత్రియగు గంగయకు ప్రబోధచంద్రోదయమును కృతి యిచ్చినవారు నంది మల్లయ, ఘంట సింగయ. వీరు మేనమామ మేనల్లుండ్రు. తెనుఁగున జంటకవులలో తొలివారుగా ఎన్నఁబడినవారు.

వారు పూనిన పని సులభమైనది కాదు. మూలము కృష్ణమిశ్రుఁడు 11వ శతాబ్దమున సంస్కృతమున రచించిన నాటకము. అందలి పాత్రలు వివేకుఁడు, మహామోహుఁడు, శాంతి, శ్రద్ధ మొదలగు భావములు. రంగస్థలమున నటుని వేషమును, నడకయు ఆ భావములకు శరీరమిచ్చును. శ్రవ్యకావ్యమున ఆ భారమంతయు పద్యముపైఁ బడును. అరూపమగు మోహమునకు కన్నును, మాటను, కోపమును కల్పింపవలసినపుడు ఒంటికవి తెల్లఁబోయిన వింత లేదు. ఈ కావ్యమున ఏ పద్యము మామది, ఏది అల్లునిది యని విడదీయుట నేఁడు శక్యము కాదు. అతుకు కనఁబడదు. ఒకరు నిలిచినచోట వేఱొకరు అందుకొనిరనుట ఊహయే యైనను, జంటకవనపు తీరు ఎఱిఁగినవారికి అది అసంగతముగాఁ దోఁపదు. జంటలో ప్రతికవియు రెండవవానికి శ్రోత. యతిస్థానమున తొట్రుపడిన పలుకు తోడివాని చెవిఁ బడినంతనే దాని లోపమును, దానికి దగిన మాటయు తేలును. ఒంటికవికి తన లోపము తనకే వినఁబడదు. కథయు ఇట్టిదే: వివేకుఁడు చిరకాలముగా ఎడఁబాసిన ఉపనిషద్దేవిని మరలఁ గూడినపుడుగాని ప్రబోధుఁడు జన్మింపలేదు.

ఉదయగిరినుండి దిగువకు, నెల్లూరికి వచ్చినచో ఇంతకంటె ప్రసిద్ధమైన గాథ కలదు. పెన్న సోమశిలవద్ద కొండలను దాటి, ఆత్మకూరికి దక్షిణముగాఁ బాఱి, తిక్కన యూరు చేరును. 13వ శతాబ్దమున ఆయన భారతము చెప్పుచుండఁగా గురునాథుఁడను కుమ్మరి వ్రాయుచుండెననియు, కవి తడుముకొనరాదనియు, లేఖకుఁడు గంటము నాపరాదనియు వారికి నియమమనియు చెప్పుదురు. సంజయుఁడు ధృతరాష్ట్రునకు యుద్ధవార్త తెలుపు పట్టున తిక్కనకు పలుకు తోఁపలేదఁట. ఇఁక నేమి చెప్పుదునని లేఖకుని పేరు పెట్టి వాపోయెను. లేఖకుఁడు నియమము తప్పక దానినే వ్రాసెను. చూడఁగా పద్యము చెడలేదు. ఉత్తమపురుషక్రియ ద్రుతాంతము, ద్రుతముపై పరుషము సరళమగును గావున ‘కురునాథ’ యను ధృతరాష్ట్ర సంబోధనము అచ్చట ‘గురునాథ’ యనియే వినఁబడవలెను. కవి నిస్సహాయత సంజయుని నిస్సహాయత యయ్యెను.

ఇది చరిత్రము గాదు, ఐతిహ్యము. సంధిసూత్ర మెఱిఁగిన పండితుఁడెవ్వఁడో వినోదమునకుఁ గల్పించినాఁడనుటకును వీలున్నది. అయినను కల్పించినవాఁడు కవితాస్తంభనపు మర్మ మెఱిఁగినవాఁడే. కవి తన ఆగిన మాటను వ్యర్థమని త్రోసివేయఁబోఁగా, వినువాఁడు దానినే పద్యముగా గ్రహించెను. బాలురకు ఛందస్సు నేర్పు పండితులు ఈ గాథను సరళాదేశమునకు ఉదాహరణముగా మాత్రమే చెప్పి విడుచుచుందురు. సగము పాఠము అందు మిగిలిపోవుచున్నది.

తిక్కన తాను చెప్పుకొన్న వృత్తాంతము వేఱు. విరాటపర్వావతారికలో ఆయనకు స్వప్నమున హరిహరనాథుఁడు దర్శనమిచ్చెను. ఆ కలలోనికి ముందుగా వచ్చినవాఁడు తండ్రి కొమ్మన.